కొమురవ్వ మడి మీది గడ్డి

మా అత్త కొమురవ్వ చెయ్యి మంచిదని మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో పేరు. మిరప విత్తనం పోసే రోజు ఆమె వచ్చి మొదటి పిడికెడు చల్లందే ఎవరూ మడిలో చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. ఇంట్లో మాత్రం ఆ చెయ్యి సంగతి నాకు వేరేగా తెలుసు. పప్పులో ఉప్పు ఆమె వేసిందంటే ఆ పూట అందరం కడివెడు నీళ్ళు తాగాల్సిందే. అత్త గురించి కోడలు నాలుగు మాటలు ఎక్కువే చెప్తుందని మీరనుకుంటారు. అనుకోండి. నేను చెప్పబోయేదాంట్లో అత్త తప్పు సగమే. మిగతా సగం నాది.

మాది హుస్నాబాద్‌కు పది కిలోమీటర్ల అవతల, వాగు పక్క ఊరు. మిరప వేసే ఇళ్ళు పదకొండు. ఎవరికి వాళ్ళం నారు పోసుకుంటే మేకల నుంచి, కోళ్ళ నుంచి కాచుకోలేం. అందుకని పాత బావి పక్క జాగాకు అందరం కలిసి ముళ్ళకంప కడతాం, లోపల ఎవరి మడి వాళ్ళు చేసుకుంటాం. దాన్ని నారుదొడ్డి అంటాం. ఏడాదిలో ఆ నెలన్నర మాత్రం మా పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళ ముచ్చట్లు, తగాదాలు, పుల్లవిరుపులు అన్నీ అక్కడే.

అత్త పదిహేనేళ్ళకు ఈ ఊరి కోడలిగా వచ్చింది. కొత్త కోడలు కాబట్టి నారుదొడ్డిలో మంచి జాగా దొరకలేదు. ఎప్పుడో కూలిపోయిన పశువుల కొట్టం తాలూకు దిబ్బ ఒకటి మూలకు ఉంటే, అక్కడ పోసుకోమన్నారు. ఆమె ఆ దిబ్బనే చదును చేసి మడి కట్టింది. ఎండాకాలంలో దాని మీద పిడకలు, ఎండుటాకులు పరిచి నిప్పు పెట్టింది. అది పుట్టింట్లో వాళ్ళవ్వ నేర్పిన పని. మట్టి లోపలి పీడ అంతా కాలిపోతుందని ఆ అవ్వ చెప్పేదట. ఊళ్ళో ఆడవాళ్ళు చూసి, పిల్లకు మడికీ పొయ్యికీ తేడా తెలియదని నవ్వారట.

ఆమె వచ్చిన కొన్నేళ్ళకు ఒకసారి మృగశిర పెడుతూనే వాన పట్టుకుని వారం రోజులు వదల్లేదు. అందరి మడుల్లో నారు మొదలు దగ్గర నల్లబడి, దారంలా సన్నబడి, పక్కకు ఒరిగిపోయింది. నారుకుళ్ళు అంటారు దాన్ని. పొద్దున నిలబడ్డ మొలక సాయంత్రానికి ఉండదు. అత్త మడి ఒక్కటి మాత్రం పచ్చగా నిలిచింది. ఎందుకు నిలిచిందో ఇప్పుడు ఎవరినడిగినా చెప్తారు. దిబ్బ మీద నీళ్ళు నిలవలేదు, కాల్చిన మట్టిలో తెగులు మిగల్లేదు. అప్పుడు మాత్రం ఊరంతా ఒకే మాట అన్నది, కొమురవ్వ చెయ్యి మంచిదని. నవ్విన ఆడవాళ్ళే వచ్చి ఆమె చేతులు కళ్ళకద్దుకున్నారు. ఆమె కాదనలేదు. పొగిడితే ఎవరికి చేదు?

అప్పటి నుంచి ఒక పద్ధతి పడిపోయింది. ఊళ్ళో అందరికంటే ముందు, రోహిణి కార్తెలోనే అత్త మడి పోస్తుంది. తొమ్మిదో రోజో పదో రోజో మొలకలు రాగానే పైన కప్పిన వరిగడ్డి ఎత్తేస్తుంది. ఆ రోజే మిగతా పది ఇళ్ళ వాళ్ళు విత్తనం పోస్తారు. కొమురవ్వ మడి మీది గడ్డి తలా ఒక గుప్పెడు తీసుకుపోయి, వాళ్ళ గడ్డితో కలిపి మడి మీద కప్పుకుంటారు. ఆ గడ్డి పడితే నారు చెడదని నమ్మకం. కొందరు ఆ గడ్డిపోచ ఒకటి దేవుని గూట్లో కూడా పెట్టుకునేవాళ్ళు.

పేరు వచ్చాక అత్త ఒక్కొక్క పనే మానేసింది. ముందు పిడకలు కాల్చడం పోయింది. తర్వాత పలుచగా చల్లడం పోయింది, పిడికిలి నిండా తీసి గుమ్మరించేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక దిబ్బ ఎక్కలేక, మడిని బావి పక్క పల్లంలోకి దింపింది. నీళ్ళు దగ్గరని. చెయ్యి మంచిదైనప్పుడు మట్టితో పనేముంది అన్నట్టు ఉండేది ఆమె ధోరణి. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

మూడేళ్ళ కిందట రోహిణిలోనే రెండు వానలు పడ్డాయి. తొమ్మిదో రోజు పొద్దున్నే అత్తా నేనూ గడ్డి ఎత్తడానికి పోయాం. మా ఆయన లారీ మీద పోతాడు, వారానికొకసారి ఇంటికొస్తాడు, కాబట్టి పొలం పనంతా మా ఇద్దరిదే. మడి నిండా మొలకలు లేచాయి. బావి వైపు మూల గడ్డి ఎత్తేసరికి మాత్రం చేటంత మేర మొలకలన్నీ నేలకు ఒరిగి ఉన్నాయి. మొదళ్ళు నీరుపట్టి నల్లగా ఉన్నాయి. గడ్డి అడుగున తెల్లటి బూజు, సాలెగూడులా. అత్త చాలాసేపు కూర్చుని చూసింది. తర్వాత పడిపోయిన మొలకల్ని గబగబా గిల్లేసి కొంగులో వేసుకుంది, ఆ జాగాలో బూడిద చల్లింది. నేను అంతకుముందే ఫొటో తీసి మా వ్యవసాయ విస్తరణ అధికారి జ్యోతిరాణి మేడానికి పంపాను.

పది గంటలకల్లా అందరూ విత్తనాలతో వచ్చేశారు. అత్త ఒక్కొక్క మడిలో పిడికెడు చల్లి, గుప్పెడు గడ్డి ఇస్తోంది. పిడికెడు చల్లాక మొదటి నీళ్ళు కూడా ఏటా ఆమే పోసేది. ఆ రోజు నిండు క్యాను మోయలేక దేవవ్వ చేతికిచ్చింది. దేవవ్వ ఇల్లు మా వాడలోనే, నలభై ఏళ్ళుంటాయి. ఆ మాఘంలోనే మొగుడు జబ్బు చేసి పోయాడు. అత్తను పెద్దవ్వా అని పిలిచేది. అడిగిన పనికి లేదనే మనిషి కాదు. కొత్తగా పోసిన పది మడులకూ ఆమే తిరిగి తిరిగి నీళ్ళు పోసింది.

నలుగురికి గడ్డి ఇవ్వడం అయిందో లేదో మేడం దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. పక్కకు పోయి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. విన్న వెంటనే అత్తను బావి వెనక్కు పిలిచి, ఆ గడ్డి ఎవరికీ ఇవ్వొద్దంటున్నారు, తెగులు అంటుకుంటుందట అని చెప్పాను. ఆమె నా మొహం కూడా చూడలేదు.

"ముప్పై ఏండ్ల సంది ఇస్తున్న బిడ్డా. ఇయ్యాల లేదంటే ఏమని చెప్పాలె?"

నేను ఒక్క మాట గట్టిగా అంటే సరిపోయేది. అనలేదు. నాకూ ఆ పేరు తీపే. కొమురవ్వ కోడలినని సంతలో, పెళ్ళిళ్ళలో నాకు దక్కే మర్యాద నాకు తెలుసు. అంతటితో ఆగినా బాగుండేది. అత్త మోకాళ్ళు పట్టేసి కూర్చుండిపోతే, మిగిలిన ఆరుగురికీ గడ్డి నేనే అందించాను. ఈ చేతులతోనే. ఆరోది దేవవ్వది. ఆమె కొంగు పట్టి తీసుకుంది.

ఇంకా సిగ్గుమాలిన పని ఆ తర్వాత చేశాం. మరునాడు నేను హుస్నాబాద్ పోయి మేడం చెప్పిన నీలం మందు తెచ్చాను. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు లీటరు నీళ్ళకు మూడు గ్రాముల చొప్పున కలిపి మా మడిలో మొదళ్ళు తడిసేలా పోశాం. నీళ్ళు నిలవకుండా సన్నగా కాలువ తీశాం. మా నారు నిలిచింది. డబ్బాలో మందు సగం మిగిలింది. పక్కనే పది మడులున్నాయి. వాటి మీద పోస్తే ఎందుకని అడుగుతారు కదా. ఆ డబ్బా ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాను.

పన్నెండు రోజులకు ఆ పది మడుల్లోనూ నారు పడిపోవడం మొదలైంది. రోజూ వాన. ఒకచోట అరచేతంత, మరునాడు తట్టంత, మూడో రోజుకు మడి సగం. మా మడి మాత్రం పచ్చగా ఉంది, వెనకటి కథలోలాగే. దాన్ని చూసి మళ్ళీ అత్త చేతినే పొగిడారు. పొగిడినప్పుడల్లా ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ పక్కకు చూసేది.

నారు పోతే నింద ఎవరో ఒకరి మీద పడాలి కదా. పడ్డది. రాజలింగు మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ మిరప వేసే రైతు, నోరు కూడా ఆ లెక్కనే ఉంటుంది. నారుదొడ్డి మధ్యలో నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు.

"కొమురవ్వ చెయ్యి ఎప్పటి చెయ్యే. నీళ్ళు పోసిన చెయ్యే కొత్తది."

పేరు పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదు. దేవవ్వ అక్కడే, చచ్చిన తన మడి మీద వంగి, బతికినవి ఏమైనా ఉన్నాయేమోనని వెతుకుతోంది. తల ఎత్తలేదు. ఆమె నీళ్ళు పోసిన చోటల్లా పోయిందని ఒకరు, మొగుడు పోయి ఆరు నెలలు కూడా కానిది విత్తనం దగ్గరికి ఎలా వచ్చిందని ఒకరు. మొగుడు పోవడానికీ మిరప మొలక పోవడానికీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. మర్నాడు ఆమె క్యాను, పార ముళ్ళకంప బయట పడేసి ఉన్నాయి. ఆరుద్రలో మళ్ళీ నారు పోసుకుంటున్నాం, నీది ఇంకెక్కడన్నా పోసుకో అని కబురు పంపారు. అంతటితో పోలేదు. పత్తి కలుపుకు, మక్కజొన్న విత్తడానికి కూడా ఆమెను పిలవడం మానేశారు. చెయ్యి మంచిది కాదన్న మాట ఒక మడి దగ్గర ఆగదు. ఆమెకు ఉన్నది అర ఎకరం. మిగతా బతుకంతా నలుగురి చేన్లలో ఆ రెండు చేతుల మీదే.

మా ఇంట్లో దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరం నోరు మూసుకుని ఉన్నాం. అత్త సగం అన్నం వదిలేసేది. బజారుకు పోవాలంటే దేవవ్వ ఇంటి ముందు నుంచి దారి. ఆమె ఆ దారి మాని, మోకాళ్ళు ఈడ్చుకుంటూ వాగు పక్క నుంచి చుట్టు తిరిగి పోయేది. నేనైతే చీటికీమాటికీ ఆమె మీద విసుక్కునేదాన్ని. అంతా ఆమే చేసిందన్నట్టు. ఒకరోజు ఆమె పప్పులో ఉప్పు ఎక్కువ వేసింది. నేను గిన్నె తీసి విసిరినంత పని చేశాను. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం నాకింకా మంటగా ఉండేది.

ఆరుద్ర కార్తెలో మళ్ళీ మడులు తవ్వారు. మొదటి పిడికెడు చల్లడానికి యథాప్రకారం అత్తను పిలిచారు. నేనూ పోయాను. రాజలింగు విత్తనం ఆమె దోసిట్లో పోశాడు. ఆమె పిడికిలి మూసుకుని అలాగే నిలబడింది.

"దేవవ్వను పిలువుండ్రి. ఆమె రానిది నేను పిడికిలి ఇప్ప."

గొణుక్కున్నారు కానీ పిలిపించారు. దేవవ్వ వచ్చి కంప బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అత్త ఆమె వైపు తిరిగి గబగబా చెప్పేసింది.

"గీ నారు దేవవ్వ చెయ్యితోని పోలే. నేనిచ్చిన గడ్డితోని పోయింది. గప్పటికే నా మడిల మూలకు కుళ్ళింది. చూసిన. చూసే ఇచ్చిన."

ఆ తర్వాత జరిగింది మేమిద్దరం కలలో కూడా అనుకోనిది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. పెద్ద మనసంటే అట్లా ఉండాలె అన్నది ఇంకొకావిడ. దిక్కులేని ఆడమనిషి మీద మాట పడితే చూడలేక తన మీద వేసుకుందని అందరూ ఒకటే పొగడ్త. రాజలింగు అయితే నవ్వాడు. గడ్డితోనే పోతే ముందు నీ మడే పోవాలె కదా, నీదెట్ల నిలిచిందని లెక్క చెప్పాడు. నిజం చెప్పినా ఆ పేరు ఊడి రాలేదు, ఇంకో నాలుగు చుట్లు చుట్టుకుంది. అత్త మొహం చూడలేకపోయాను. కొట్టినా ఆమె అంత చిన్నబోయేది కాదు.

అప్పుడామె నా వైపు చూసింది.

"మమతా, ఫోన్ తియ్యి బిడ్డా."

ఫోన్‌లో చార్జింగ్ లేదని నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది, దాచడం ఎందుకు. అత్త ఒక్కతే తప్పు ఒప్పుకుంటే నేను మంచి కోడలిగానే మిగిలిపోతాను. ఆ ఫోన్ తీస్తే ఇద్దరం ఒకే గుంజకు కట్టుబడతాం. కంప బయట దేవవ్వ నన్నే చూస్తోంది. ఫోన్ తీశాను. తారీఖుతో సహా ఫొటో చూపించాను. ఆపైన మేడం మాట అందరికీ వినపడేలా పెట్టాను.

"మమతా, ఇది నారుకుళ్ళు. ఆ గడ్డి, ఆ మట్టి ఇంకో మడి మీదికి పోనియ్యకుండ్రి. గడ్డి అక్కడనే కాలబెట్టుండ్రి."

రాజలింగు ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. మా మడికి మందు పోసుకున్న సంగతీ, డబ్బా అటక మీద ఉన్న సంగతీ నేనే చెప్పాను. ఒక్కొక్కరి మొహమే మారిపోతూ వచ్చింది. అత్త పిడికిలిలోని విత్తనం మెల్లగా సంచిలో తిరిగి పోసేసింది. పది ఇళ్ళ వాళ్ళు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పడాల్సినవే పడ్డాం. దేవవ్వ మాత్రం తిట్టలేదు. అత్తను ఏమీ అడగలేదు. నన్నడిగింది.

"గీ మాట ఇరువై దినాల సంది మీ ఇంట్ల ఉన్నదా మమతా?"

ఉన్నదన్నాను. ఆమె తల ఊపి, కంప పక్కన పడి ఉన్న తన క్యాను తీసుకుని వెళ్ళిపోయింది. వెంటపడి పోయి కాళ్ళ మీద పడాలనిపించింది. పోలేదు.

ఆ తర్వాత నారుదొడ్డి మారింది. మేడం వచ్చి దగ్గరుండి చేయించారు. మడులు జానెడు ఎత్తున కట్టడం, మధ్యలో కాలువలు, విత్తనానికి తెగులు మందు పొడి పట్టించి వరసల్లో పలుచగా వేయడం, మొలక కనపడగానే గడ్డి ఎత్తి అక్కడే కాల్చేయడం. ఎండాకాలంలో మడి మీద పిడకలు కాల్చమని చెప్పింది మాత్రం అత్తే. వాళ్ళవ్వ నేర్పిన పని ముప్పై ఏళ్ళకు మళ్ళీ ఆమె నోటికొచ్చింది. దొడ్డి వాకిట్లో గంగాళం నిండా నీళ్ళు పెట్టాం. ఎవరైనా కాళ్ళూ పారా కడిగే లోపలికి రావాలి. దేవవ్వను అందరూ మళ్ళీ పనులకు పిలుస్తున్నారు. రాజలింగు తప్పైందని ఇప్పటివరకు అనలేదు. తన చేన్లో కలుపుకు ముందుగా ఆమెకే కబురు పంపుతాడు, అదే క్షమాపణ అనుకోమన్నట్టు. మొదటి పిడికెడు ఇప్పుడు ఎవరిది వాళ్ళే చల్లుకుంటారు. అత్త ఆ రోజు తర్వాత ఎవరి మడిలోనూ చెయ్యి పెట్టలేదు.

దేవవ్వ మాతో మాట్లాడదు. పెద్దవ్వా అన్న పిలుపు ఆ రోజే ఆగిపోయింది. ఎదురుపడితే పక్కకు జరిగి దారిస్తుంది. రెండేళ్ళు అత్త ఆమె ఇంటికి పోయి అరుగు మీద కూర్చుని కూర్చుని వచ్చేది. ఒకసారి మంచినీళ్ళు ఇచ్చిందట. ఆ సంగతి అత్త నాకు మూడుసార్లు చెప్పింది.

ఈ ఏడు మా మడి పోసిన వారానికి అత్తకు మోకాలు వాచింది. నేను ఆమెను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోతే రెండు రోజులు అక్కడే ఉంచారు. మూడో రోజు వాన. మడి మొలిచే రోజు దాటిపోయింది, తడిసిన గడ్డి కింద ఏమై ఉంటుందోనని దారి పొడవునా అత్త ఒకటే పరేషాన్. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా ఇద్దరం నారుదొడ్డికి పోయాం. మా మడి దగ్గర పొగ లేస్తోంది.

గడ్డి ఎవరో మొత్తం ఎత్తేశారు. ఒక్క పోచ కూడా వదలకుండా మడి చివర కుప్ప పోసి కాల్చారు. వాన తడికి అది అంత తొందరగా అంటుకోదు, కిరోసిన్ వాసన వస్తోంది. మొలకలు వరసల్లో నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కటి కూడా ఒరగలేదు. కాలువ కూడా కొత్తగా లోతు చేసి ఉంది. దూరంగా తన మడి దగ్గర దేవవ్వ మాకు వీపు పెట్టి నీళ్ళు పోస్తోంది.

అత్త గంగాళం దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి, ఆ బూడిద పక్కన కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"నేను చూసి ఇచ్చిన. గామె చూసి కాలబెట్టింది."

దేవవ్వకు వినపడే ఉంటుంది. తిరిగి చూడలేదు. క్యానులో నీళ్ళయిపోతే బావి దగ్గరికి వచ్చి, చేదుకుని, మా పక్క నుంచే మళ్ళీ తన మడికి పోయింది.